పెట్రోలులో సీసం, పాత కార్ల వాల్వు సీట్లు



పోయినసారి మేము చిక్కబళ్ళాపురం - కోలారు చిన్న రైలు గురించి రాసినప్పుడు చాలామంది ఫోను చేసి బాగుందన్నారు. ఒకరిద్దరు మాత్రం "రైలు సంగతి సరే సామీ, మా నాయన కారు సంగతి కూడా రాయండి" అన్నారు. బాగేపల్లిలో ఒకరింట్లో అంబాసిడర్, చింతామణిలో ఇంకొకరింట్లో పద్మిని, రెండూ ఇంజన్ రిపేరీకి ఉన్నాయి. ఇద్దరిదీ ఒకే ప్రశ్న. ఇంజన్ ఇప్పినప్పుడు వాల్వు సీట్లకు గట్టి రింగులు వేయించాలని మెకానిక్ అంటాడు. లేత్ షాపులో దానికి వేరే డబ్బు అడుగుతారు. వెనక నలభై ఏళ్ళు ఆ రింగులు లేకుండానే నడిచింది కదా, ఇప్పుడెందుకు? ఇది నిజంగా కావలసిన పనా, లేక మన దగ్గర గుంజే పనా?

హెడ్డు ఎట్లాగూ దించుతున్నారు కాబట్టి వేయించండి. మా జవాబు అంతే. కానీ "వెనక నలభై ఏళ్ళు లేకుండానే నడిచింది కదా" అన్న మాట ఉంది చూడండి, అది చాలా మంచి ప్రశ్న. నడిచింది నిజమే. ఎట్లా నడిచిందో, దానికి ఎవరు ఖర్చు భరించినారో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మేము రైల్వేలో గుమాస్తాలం, లోకో షెడ్డు వాళ్ళం కాము. అయినా తెలిసినవాళ్ళను అడిగి, చదివి, సరిచూసుకున్నదే రాస్తున్నాము.

ముందు ఈ కార్లు మనకు ఎట్లా వచ్చినాయో చూద్దాం. ఇందులో మన తాలూకా వాటా ఒకటి ఉంది. చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారి పుట్టినూరు. పూర్వీకులు గిద్దలూరు వైపు మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరు. ఆయన మొదట చదువుకున్నది చిక్కబళ్ళాపురం బడిలోనే. కన్నంబాడి కట్ట, భద్రావతి ఇనుము ఫ్యాక్టరీ సంగతి అందరికీ తెలుసు. తెలియనిది ఏమంటే, డెబ్బై ఏళ్ళు దాటిన తర్వాత ఆయన తలకెత్తుకున్న పని కార్ల ఫ్యాక్టరీ. 1935 ప్రాంతంలో ఐరోపా, అమెరికా తిరిగి అక్కడి మోటారు ఫ్యాక్టరీలు చూసి వచ్చి, ఇక్కడ కార్లు చేయడానికి ఒక పథకం రాసినారు. బొంబాయి వ్యాపారి వాల్‌చంద్ హీరాచంద్ డబ్బు పెడతానని ముందుకొచ్చినాడు. బెంగుళూరులో పెట్టాలని మాట. మైసూరు సంస్థానం సాయం చేయడానికి ఒప్పుకుంది కానీ తెల్లదొరల సర్కారు సహకరించలేదు, పని ఆగిపోయింది. చివరికి 1944లో వాల్‌చంద్ బొంబాయిలోనే ప్రీమియర్ ఆటోమొబైల్స్ అని మొదలుపెట్టినారు. తర్వాత ఇటలీ ఫియట్ కంపెనీతో ఒప్పందం చేసుకుని ఫియట్ కార్లు చేసినారు. ఆ ఫియట్ 1100నే 1970ల్లో పద్మిని అని పేరు మార్చుకుంది. చింతామణి తమ్ముడి షెడ్డులో ఉన్న బండి వంశం పట్టుకుని పోతే ముద్దేనహళ్ళి దాకా వస్తుంది. ఇది బలవంతంగా అతికించిన మాట కాదు.

అంబాసిడర్ కథ వేరు. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో పుట్టింది. ఇంగ్లాండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు తీసుకుని 1957లో అంబాసిడర్ అని ఉత్తరపారాలో చేయడం మొదలుపెట్టి, 2014 దాకా చేసినారు. చాలా ఏళ్ళు దానికి ఉండింది 1489 సీసీ పెట్రోలు ఇంజన్. ఇంగ్లాండులో అదే కుటుంబం ఇంజన్‌ను ఎంజీ స్పోర్ట్స్ కార్లలో కూడా పెట్టినారు. అందుకే ఈ ఇంజన్ రోగాలు, మందులు అన్నీ ఇంగ్లాండువాళ్ళు బాగా పరీక్షించి పెట్టినారు. అది మనకు లాభం.

ఇప్పుడు వాల్వు సంగతి. తెలిసినవాళ్ళు ఈ భాగం దాటేయండి.

ప్రతి సిలిండరుకు రెండు వాల్వులు. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోపలికి విడుస్తుంది, రెండోది కాలిన పొగను బయటికి పంపుతుంది. వాల్వు చూడడానికి పొడుగు కాడ ఉన్న కుక్కగొడుగు లాగా ఉంటుంది. ఆ గొడుగు అంచు హెడ్డులో ఒక గుండ్రటి పీట మీద కూర్చుంటుంది. ఆ పీటే వాల్వు సీటు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు 1500 సార్లు లేచి కూర్చుంటుంది. అంటే సెకనుకు 25 సార్లు. గంట సేపు అట్లా నడిపితే తొంభై వేల సార్లు. పొగ వైపు వాల్వు అయితే బండి బరువు లాగేటప్పుడు ఎర్రగా కాలే వేడిలో ఉంటుంది, 700 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి తగ్గడానికి ముఖ్యమైన దారి సీటు మీద కూర్చున్న ఆ క్షణమే. సీటులోకి, సీటు నుంచి హెడ్డులోకి, హెడ్డు నుంచి నీళ్ళలోకి వేడి పోతుంది. సీటు చెడితే వాల్వు కాలిపోతుందని మెకానిక్‌లు అనేది ఇందుకే.

అంబాసిడర్ పాత ఇంజన్‌కు హెడ్డు పోత ఇనుము. సీటు అంటూ వేరే వస్తువు లేదు, హెడ్డు ఇనుములోనే ఏటవాలుగా కోసి సీటు చేసినారు. ఫియట్ హెడ్డు అల్యూమినియం. అల్యూమినియం మెత్తనిది, దాని మీద వాల్వు కొట్టుకుంటే నిలవదు, అందుకని మొదటినుంచీ రింగు దిగ్గొట్టి ఉంటారు. అప్పుడు అడగవలసింది రింగు ఉందా లేదా అని కాదు, ఆ రింగు ఏ లోహంతో చేసింది అని.

మామూలు పోత ఇనుము అంత వేడిలో, అన్ని దెబ్బలకు తట్టుకోదు. నిజానికి తట్టుకోకూడదు. ఎర్రటి వాల్వు, వేడి సీటు, రెండు లోహాలు గట్టిగా ఒత్తుకున్నప్పుడు కంటికి కనపడని చుక్కలుగా అతుక్కుంటాయి, వెల్డింగు అయినట్లు. వాల్వు లేచినప్పుడు ఆ చుక్క సీటు నుంచి పీక్కొస్తుంది. ఆ చుక్క వాల్వు అంచుకు పట్టుకుని, తుప్పుపట్టి గట్టిపడి, మళ్ళీ సీటునే ఆకురాయి లాగా అరగదీస్తుంది. కొన్ని వేల కిలోమీటర్లలో వాల్వు హెడ్డులోకి దిగిపోతుంది. దీన్నే సీటు దిగడం అంటారు. మరి అన్నేళ్ళు ఎందుకు దిగలేదంటే, పెట్రోలులో సీసం ఉండింది కాబట్టి.

సీసం అనగానే మన తెలుగువాళ్ళకు పద్యం గుర్తుకొస్తుంది. మేము చదివింది తమిళ మీడియంలో. మాకు రసాయన శాస్త్రంలో అది "కారీయం", అంటే నల్ల ఈయం. వెల్లీయం అంటే తగరం, రసం కాచే ఈయ చెంబుకు వాడేది. రెండూ ఒకటనుకుని కారీయం పాత్రలో పులుపు కాస్తే విషం అని మా సారు బెత్తం ఆడిస్తూ చెప్పినారు. ఆ బెత్తం వల్లనే ఈ పదం ఇప్పటికీ మరిచిపోలేదు. పెట్రోలులో కూడా అదే కారీయం పోస్తున్నారని మాత్రం ఆ పుస్తకంలో లేదు.

పోసింది ఎవరంటే, అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీలో పనిచేసిన థామస్ మిడ్‌గ్లీ. ఆ రోజుల్లో ఇంజన్‌లకు నాకింగు పెద్ద రోగం. ఎక్కువ ఒత్తిడిలో పెట్రోలు వేళకాని వేళ పేలి టకటక కొట్టేది. ఎన్నో మందులు కలిపి చూసి, 1921 డిసెంబరులో టెట్రా ఈథైల్ లెడ్ అనే సీసం ద్రవం కొద్దిగా కలిపితే నాకింగు నిలిచిపోతుందని కనిపెట్టినారు. 1923లో అమ్మకానికి పెట్టినారు. పేరు "ఈథైల్" అన్నారు, సీసం అన్న మాట ఎక్కడా రానీయలేదు. మద్యసారం కలిపినా నాకింగు తగ్గుతుందని వాళ్ళకు తెలుసు. కానీ మద్యసారం ఎవరైనా కాచుకోవచ్చు, దాని మీద పేటెంటు రాదు. సీసం చాలా తక్కువ పోస్తే చాలు, పేటెంటు కూడా వాళ్ళదే.

1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఆ ద్రవం తయారుచేసే చోట అయిదుగురు పనివాళ్ళు మతి చెడి చనిపోయినారు, ఎంతోమంది ఆసుపత్రి పాలైనారు. మిడ్‌గ్లీ పత్రికలవాళ్ళ ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని ఏమీ కాదని చూపించినాడు. అంతకుముందు ఏడాదే ఆయనకు సీసం విషం ఎక్కి వైద్యం చేయించుకుని వచ్చినాడు! దొరల సైన్సు అంటే మనకు భక్తి ఎక్కువ, అందుకని ఈ సంగతి కొంచెం గట్టిగా చెబుతున్నాము. సర్కారు కమిటీ వేసి, నిషేధించడానికి తగిన కారణం కనిపించలేదని 1926లో తేల్చేసింది. తర్వాత యాభై ఏళ్ళు ప్రపంచమంతా అదే పెట్రోలు.

నాకింగు ఆపడానికి పోసిన ఆ సీసం అనుకోకుండా ఇంకో పని కూడా చేసింది. కాలిన సీసం ఉప్పులు, ఆక్సైడులు పలుచని పొరగా వాల్వు అంచు మీద, సీటు మీద పట్టుకుంటాయి. రెండు లోహాల మధ్య పరుపు వేసినట్లు. చుక్క చుక్క అతుక్కోవడం జరగదు, సీటు దిగదు. ఇది చూసిన ఇంజన్ కంపెనీలు మెత్తని ఇనుము సీటే చాలనుకున్నాయి. గట్టి లోహం వాళ్ళకు తెలియక కాదు. కోబాల్టు, క్రోమియం కలిపిన స్టెలైట్ అనే లోహానికి 1907లోనే ఎల్‌వుడ్ హేన్స్ పేటెంటు తీసుకున్నాడు. విమానాల ఇంజన్‌లకు గట్టి సీట్లు, గట్టి వాల్వులు వాడుతూనే ఉన్నారు. మామూలు కారుకు మాత్రం ఆ నాలుగు రూపాయలు ఎందుకు పెట్టాలి, పెట్రోలు బంకువాడే ప్రతి లీటరులో పరుపు పోసి పంపుతుంటే?

ఆ పరుపు ఎక్కడికి పోయిందో చూడండి. మన దేశంలో పాత పెట్రోలులో లీటరుకు సుమారు 0.56 గ్రాముల సీసం దాకా ఉండవచ్చని ప్రమాణం. నలభై లీటర్ల ట్యాంకు నింపితే ఇరవై గ్రాములకు పైన. సీటు మీద నిలిచేది అందులో చిటికెడు కూడా కాదు. సీసం ఇంజన్‌లో గడ్డకట్టకుండా బయటికి పోవడానికి వేరే మందు కూడా కలిపేవాళ్ళు, కాబట్టి తక్కిందంతా సైలెన్సరు దారిన రోడ్డు మీదికి. గాలిలో కొంత, రోడ్డు పక్క దుమ్ములో కొంత. ఆ దుమ్ములో ఆడుకునేది పిల్లలు. పెద్దల కంటే పిల్లల ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, అది మెదడును పట్టుకుంటుంది, చదువు మందగిస్తుంది. జ్వరం రాదు, దగ్గు రాదు, అందుకని ఎవరికీ తెలియదు.

మనకు తెలిసింది బెంగుళూరు నుంచే. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ గారు, జార్జ్ ఫౌండేషన్ అనే సంస్థ కలిసి 1990ల చివర్లో ఏడు నగరాల్లో వేలమంది రక్తం పరీక్ష చేసినారు. పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో సగానికి సగం మందిలో సీసం అప్పటి హద్దు, అంటే డెసిలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాములు దాటింది. 1999 ఫిబ్రవరిలో బెంగుళూరులోనే దీని మీద అంతర్జాతీయ సమావేశం జరిగింది. సీసం పెట్రోలు నుంచే రాదు. రంగుల నుంచి, పాత బ్యాటరీలు కరిగించే చోటి నుంచి కూడా వస్తుంది. కానీ ఊరంతటికీ సమానంగా పంచింది పెట్రోలు.

అమెరికాలో 1975 కార్లనుంచి సైలెన్సరు దారిలో కాటలిటిక్ కన్వర్టర్ పెట్టినారు. సీసం తగిలితే ఆ కన్వర్టర్ పాడవుతుంది. అందుకని సీసం లేని పెట్రోలు ముందు వచ్చింది కన్వర్టర్ కోసమే, పిల్లల కోసం కాదు. పిల్లల రక్తం బాగుపడింది తర్వాత లెక్కలు చూసుకున్నప్పుడు బయటపడింది. మన దేశంలోనూ అదే వరుస. ఢిల్లీ వాహనాల పొగ మీద ఎం.సి. మెహతా గారు సుప్రీంకోర్టులో వేసిన కేసు నడుస్తూ ఉండగా, 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో కన్వర్టర్ ఉన్న కొత్త కార్లకు సీసం లేని పెట్రోలు ఇచ్చినారు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అదే. ఆ రోజునుంచి మన బాగేపల్లి, చింతామణి బంకుల్లో కూడా సీసం పెట్రోలు ముగిసింది. ప్రపంచంలో చివరగా ఆపింది అల్జీరియా, 2021లో.

మంచి పనే. దాని మీద మాకు రెండో మాట లేదు. కానీ పాత బండ్లు నడిపేవాళ్ళకు మాత్రం ఎవరూ వచ్చి చెప్పలేదు. అది చెప్పుకోవలసిన సంగతి.

మా పిన్నమ్మ కొడుకు ఒకడు బాగేపల్లిలో అంబాసిడర్ ట్యాక్సీ నడిపేవాడు. పెళ్ళిళ్ళకు, కోర్టు పనులకు, బెంగుళూరు ఆసుపత్రులకు మనుషుల్ని తీసుకుపోయి తెచ్చేవాడు. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం వైపు రోడ్డు ఎత్తుకు పోతుంది. లోపల ఆరుగురు, డిక్కీలో సామాను, పైన క్యారియర్ మీద మూటలు. 2001లోనో 2002లోనో బండి లాగడం తగ్గింది. పొద్దున స్టార్టు కాదు, నిలబడినప్పుడు ఇంజన్ వణుకుతుంది. టాపెట్లు సర్దితే రెండు మూడు వారాలు బాగుంటుంది, మళ్ళీ అంతే. వాడు పెట్రోలు కల్తీ అని బంకువాళ్ళతో జగడం పెట్టుకున్నాడు. ఒక గ్యారేజీలో హెడ్డు దించి, సీటు కటింగ్ చేసి, కొత్త వాల్వులు వేసి ఇచ్చినారు. ఆరు నెలలు. మళ్ళీ హెడ్డు, మళ్ళీ సీటు కటింగ్. రెండోసారికి భార్య మెడలోని గొలుసు తాకట్టుకు పోయింది. ట్యాక్సీ నిలబడితే ఆ ఇంట్లో పొయ్యి మీద ఏమీ ఉండదు, పిల్లల ఫీజులు ఉండవు. "అన్నా, బండి అమ్మేస్తే పదివేలు కూడా రాదు, ఏం చేయమంటావు" అని మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

మూడోసారి హెడ్డు బెంగుళూరు కలాసిపాళ్యం వైపు ఒక లేత్ షాపుకు తీసుకుపోయినాము. అక్కడి ముసలాయన తమిళంవాడు. మేము తమిళంలో మాట్లాడేసరికి కుర్చీ వేసినాడు. హెడ్డు తిప్పి చూసి, వేలు పెట్టి చూపించినాడు. పొగ వైపు వాల్వులు నాలుగూ గుంటలో కూర్చున్నట్లు దిగి ఉన్నాయి, పెట్రోలు వైపువి సరిగ్గా ఉన్నాయి. "కట్ చేసే కొద్దీ ఇంకా లోపలికి పోతుంది సార్. ఇప్పుడు పెట్రోల్లో లెడ్ లేదు, ఈ ఇనుము నిలవదు. రింగు వేయాలి" అన్నాడు. రెండు నిమిషాల మాట. అంతకుముందు రెండేళ్ళు ఎవరూ చెప్పనిది. ఆ రింగులు వేసిన తర్వాత అదే హెడ్డుతో వాడు బండి అమ్మేదాకా నడిపినాడు. గొలుసు మాత్రం విడిపించుకోలేకపోయినాడు.

ఆ రోడ్డు కూడా మారింది. పాత ఏడో నంబరు హైవే, ఇప్పటి నలభై నాలుగు, నాలుగు వరుసలు అయింది. ముందు గంటకు యాభై కిలోమీటర్లు పోయే పాత బండిని ఇప్పుడు ఎనభైకి తొక్కుతారు. సీటు దిగడం వేగాన్ని, బరువును బట్టి ఉంటుంది. ఊర్లో మెల్లగా తిప్పే బండికి ఎన్నో ఏళ్ళు ఏమీ కాకపోవచ్చు. అదే బండిని హైవే మీద గంటల తరబడి తొక్కితే త్వరగా దిగుతుంది. పక్కింటివాడి అంబాసిడర్‌కు ఏమీ కాలేదే అని మీరు అడిగే ప్రశ్నకు జవాబు ఇది.

కాబట్టి బాగా నడుస్తున్న ఇంజన్‌ను రింగుల కోసమే ఇప్పకండి. అది అనవసరమైన ఖర్చు. టాపెట్ గ్యాప్ ఫీలర్ గేజుతో చూస్తూ ఉండండి. మామూలు అరుగుదలలో గ్యాప్ పెరుగుతుంది, టాపెట్ చప్పుడు ఎక్కువవుతుంది. సీటు దిగితే తిరగబడుతుంది. వాల్వు హెడ్డులోకి దిగిన కొద్దీ దాని కాడ పైకి వస్తుంది, గ్యాప్ మూసుకుపోతుంది, చప్పుడు తగ్గుతుంది. పాత బండి టాపెట్లు తమంతట తామే మెత్తబడినాయంటే సంతోషపడకండి, గేజు పెట్టి చూడండి. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు సరిగా మూయదు, సందులోనుంచి మంట పోయి అంచు కాలుతుంది.

హెడ్డు దించినప్పుడు మాత్రం వదలకండి. పని వరుస తెలిస్తే షాపులో అడగడానికి వీలుగా ఉంటుంది. మొదట హెడ్డు శుభ్రం చేసి పగుళ్ళు చూడాలి. పోత ఇనుము హెడ్డులో రెండు సీట్ల మధ్య పగులు ఉంటే రింగు ఖర్చు దండగ, వేరే హెడ్డు వెతకాలి. తర్వాత గైడ్లు. గైడు అరిగి ఉంటే ముందు గైడు మార్చాలి, ఎందుకంటే సీటు కోసే కట్టర్ గైడులో నిలబడే తిరుగుతుంది. గైడు వంకర అయితే సీటు వంకర. రింగు వేసి తర్వాత గైడు మారుస్తానన్నవాడి దగ్గరనుంచి హెడ్డు వెనక్కి తెచ్చుకోండి.

ఆ తర్వాత పాత సీటు ఉన్నచోట గుంట బోరు చేస్తారు. ఇక్కడే భయం. ఎక్కువ లోతు పోతే వెనక నీళ్ళ దారి ఉంటుంది, అందులోకి పడితే హెడ్డు పోయినట్లే. ఆ మోడల్ హెడ్డు ముందు చేసినవాడేనా అని అడగడంలో తప్పు లేదు. రింగు గుంట కంటే వెంట్రుక మందం పెద్దదిగా ఉంటుంది, అంగుళంలో వెయ్యోవంతులు మూడు నాలుగు. హెడ్డు వేడిచేసి, రింగును మంచులో చల్లార్చి దించుతారు. హెడ్డు చల్లారేసరికి బిగుసుకుపోతుంది. అల్యూమినియం వేడికి ఎక్కువ సాగుతుంది, అందుకని పద్మిని హెడ్డుకు ఈ బిగువు ఇంకొంచెం ఎక్కువ కావాలి. లేకపోతే ఘాట్ రోడ్డులో రింగు ఊడి సిలిండరులో పడుతుంది. పిస్టను, వాల్వు, అన్నీ పోతాయి. సుత్తితో కొట్టి చుట్టూ పంచ్ చేసి నిలబెట్టే పద్ధతి ఒకటి ఉంది. మాకు నచ్చదు.

రింగు దిగిన తర్వాత మూడు కోణాల్లో కోస్తారు. నడుమ 45 డిగ్రీలు, అదే వాల్వు కూర్చునే చోటు. పైన 30, కింద 60, ఇవి ఆ చోటును సన్నగా చేయడానికి. పొగ వైపు సీటు వెడల్పు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మరీ సన్నం చేస్తే వేడి హెడ్డులోకి పోదు, మరీ వెడల్పు చేస్తే మసి నలగక వాల్వు సరిగా మూయదు. ఆఖరున గ్రైండింగ్ పేస్టు కొద్దిగా పెట్టి తిప్పి, హెడ్డు బోర్లించి కిరోసిన్ పోసి ఒక గంట చూస్తారు. చుక్క కారకూడదు. ఇది మీ కళ్ళ ముందు చేయమనండి. టీ తాగి వచ్చేలోపు అయిపోయిందంటే నమ్మకండి.

రింగుతో పాటు పొగ వైపు వాల్వులు కూడా గట్టి స్టీలువి వేయాలి. గట్టి సీటు మీద పాత వాల్వు పెడితే అరుగుదల సీటు నుంచి వాల్వుకు మారుతుంది, అంతే. పెట్రోలు వైపు సీట్లు లోపలికి వచ్చే చల్లగాలితో చల్లగానే ఉంటాయి కాబట్టి అవి బాగుంటే ముట్టుకోనక్కర లేదు. నాలుగు రింగుల పనికి ఎనిమిదికి డబ్బు అడిగితే ఎందుకని అడగండి.

సీసం బదులు పోసే సీసా మందులు కొందరు అమ్ముతారు. ఇంగ్లాండులో పాత కార్ల సంఘాలవాళ్ళు వీటిని ఇంజన్‌లో పెట్టి పరీక్ష చేయించినారు. కొన్ని పనిచేసినాయి, కొన్ని చేయలేదు. పనిచేసేవి కూడా ప్రతిసారీ కొలిచి పోయాలి, ఒకటి మొదలుపెడితే ఇంకొకటి కలపకూడదు. పండగకు, పెళ్ళికి తీసే బండికి అది సరిపోవచ్చు. రోజూ నడిచే బండికి రింగే మేలు.

ఇప్పుడు వచ్చే 20 శాతం ఇథనాలు పెట్రోలు సంగతి కూడా ఒకరు అడిగినారు. దాని బెడద వేరే. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ వాషర్లు ఉబ్బి చీలుతాయి. ఇంజన్ ఇప్పినప్పుడే అవన్నీ కొత్తవి వేయించుకోండి, ట్యాంకు అడుగున తుప్పు కూడా కడిగించండి. వందేళ్ళ ముందు పేటెంటు రాదని పక్కన పెట్టిన మద్యసారమే ఇప్పుడు బంకులోకి వచ్చింది చూడండి!

గ్యాస్ కిట్ పెట్టిన బండి అయితే ఇంకో మాట. గ్యాసు పొడిగా కాలుతుంది. పెట్రోలులో ఉండే ఆ కాస్త తడి, మసి కూడా సీటు మీద ఉండదు. అందుకని గ్యాసు బండిలో సీటు ఇంకా త్వరగా దిగుతుంది, కొన్నిటిలో లోపలికి తీసుకునే వైపు కూడా అరుగుతుంది. అట్లాంటి బండికి ఎనిమిది రింగులూ వేయించండి, షాపులో ముందే గ్యాసు బండి అని చెప్పండి, దానికి తగ్గ లోహం రింగులు వేరే ఉంటాయి. బిగించిన తర్వాత వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి టాపెట్ గ్యాప్ చూసి, ఎనిమిది వాల్వులకు ఎనిమిది అంకెలు ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. తర్వాత అయిదు వేలకు ఒకసారి. మూడు నాలుగు సార్లు అవే అంకెలు వస్తే సీటు నిలబడిందని అర్థం.

లేత్ షాపుల అడ్రసులు కావలసినవాళ్ళు సంఘం ఆఫీసులో అడగండి, ఇక్కడ రాయడం లేదు.